టెండర్ రింగయితే సర్కారు చేతిలో ఏముంది?

ఒక టెండర్‌కి మూడు బిడ్లు పడ్డాయంటే పోటీ బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. నేను బెంగళూరులో ఒక చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ కంపెనీలో టెండర్ల పని చూస్తా. వీధిలైట్లు, పంపుహౌసులు, సబ్‌స్టేషన్ యార్డులు, ఇలాంటి పనులు. ఊరు అనంతపురం పక్కన కాబట్టి ఆంధ్రా టెండర్లు కూడా నా నెత్తినే పడ్డాయి, ఒక ట్యాబ్‌లో కర్ణాటక పోర్టల్, ఇంకో ట్యాబ్‌లో ఆంధ్రా పోర్టల్ పెట్టుకుని కూర్చోడమే ఉద్యోగం. మూడు బిడ్లు చూస్తే నాకు ముందు వచ్చే డౌట్ ఏంటంటే, వీళ్ళలో నిజంగా పని కావాలనుకున్నోడు ఎవరు, వాడికోసం వేసినోళ్ళు ఎవరు అని.

రింగ్ అవ్వడం, అంటే బిడ్ వేసేవాళ్ళు ముందే కూడబలుక్కోవడం, పెద్ద సినిమా కథేం కాదు. ఒక డివిజన్‌లో ఆ క్లాస్ పనులు చేసేవాళ్ళు ఐదారుగురే ఉంటారు, అందరికీ అందరూ తెలుసు, ఒకరి క్రేన్ ఇంకొకరు అద్దెకి తీసుకుంటారు, ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి పోతారు. చీటీ పాటలో లాగా వంతులేసుకుంటారు, ఈసారి నువ్వు ఎత్తుకో, వచ్చేసారి నేను. వంతు వచ్చినోడు ఎస్టిమేట్ మీద నాలుగున్నర శాతం ఎక్సెస్ వేస్తాడు, మిగతా ఇద్దరు ఆరూ ఏడూ వేస్తారు, అసలు వెయ్యకుండా ఊరుకున్నోళ్ళకి గుడ్‌విల్ పేరుతో ఎంతో కొంత ముడుతుంది. కొన్నిచోట్ల డబ్బు చేతులు మారదు, ఓడిపోయినోడికి కేబుల్ తవ్వకమో, పోల్స్ సప్లైయో సబ్ కాంట్రాక్ట్ వస్తుంది, అది పట్టుకోవడం ఇంకా కష్టం. ఇంకొంతమంది కావాలనే టెక్నికల్ బిడ్‌లో, అంటే అర్హత చూపించే భాగంలో, ఒక కాగితం ఎగరగొట్టి డిస్‌క్వాలిఫై అవుతారు. నిజంగా పోటీ పడ్డచోట అదే పని పది పదిహేను శాతం లెస్‌కి పోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఫోన్లు మాకూ వస్తాయి. "అన్నా, మీరేం చెయ్యొద్దు, మీ కీ ఇస్తే చాలు, ఈఎండీ మేమే కడతాం, రేటు మేమే పంపిస్తాం, ఒక్క సపోర్ట్ ఎయ్యండన్నా" అని. ఈఎండీ అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్, సపోర్ట్ అంటే ఓడిపోవడానికే వేసే బిడ్. ఇక్కడోళ్ళయితే మెల్లిగా "సార్, నీవూ హాక్తీరా?" (మీరూ వేస్తున్నారా?) అని కదుపుతారు, నేను అవునంటే ఆ సాయంత్రం మా సార్‌కి ఫోన్ పోతుంది. మా సార్ ఒప్పుకోడు. ఆయనేదో ధర్మరాజని కాదు, డిజిటల్ సిగ్నేచర్ కీ బయటికి పోతే దాంతో ఇంకెన్ని కాగితాల మీద సంతకాలు పడతాయో అని భయం.

మేం వేస్తున్నామని వాళ్ళకెలా తెలుస్తుంది అని అడగొచ్చు. ఈ-టెండర్ వచ్చిందే ఎవరు వేస్తున్నారో ఎవరికీ తెలియకూడదని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది, దేశంలో ముందు మొదలెట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం. అంతకుముందు టెండర్ ఫారం, అదే షెడ్యూల్ కాగితం, ఆఫీసుకెళ్ళి కొనుక్కోవాలి, కొన్నోళ్ళ పేర్లు సాయంత్రానికల్లా రింగ్‌కి అందేవి, బాక్స్‌లో వెయ్యనివ్వకుండా గేట్ దగ్గరే మనుషుల్ని అడ్డం పెట్టేవాళ్ళు. కంప్యూటర్ వచ్చాక ఆ గేట్ పోయింది. కానీ బిడ్లు వెయ్యకముందే డౌట్లు తీర్చడానికి ప్రీ-బిడ్ మీటింగ్ అని పెట్టి అందర్నీ ఒకే టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటున్నారు, కొన్నిచోట్ల సైట్ విజిట్ చేసినట్టు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే బిడ్ చెల్లుతుంది అంటున్నారు. ఇంత ఖర్చుపెట్టి మూసిన తలుపుకి పక్కనే కిటికీ తెరిచిపెట్టినట్టేగా. ఆ సర్టిఫికెట్ క్లాజ్ ఒక్కటి ఎత్తేస్తే, ప్రీ-బిడ్ డౌట్లు పోర్టల్‌లోనే పేర్లు లేకుండా రాయమంటే, సగం పని ఏ కోర్టూ ఏ కేసూ లేకుండా అయిపోతుంది.

పోయినేడాది ఒక ఊళ్ళో లైట్ల టెండర్‌లో మమ్మల్ని టెక్నికల్‌లో తీసేశారు, అనుభవం సర్టిఫికెట్‌లో లోడ్ వాట్లలో ఉంది, కిలోవాట్లలో లేదట. సరే, మిగిలిన ముగ్గురి డాక్యుమెంట్లు పోర్టల్‌లో కనిపిస్తాయి కదా అని కడుపుమంటతో ఒక్కొక్కటి తెరిచా. ముగ్గురూ పెట్టిన అఫిడవిట్లు ఈ-స్టాంప్ మీద ఉన్నాయి. ఈ-స్టాంప్ సర్టిఫికెట్ మీద నంబర్, తేదీ, టైమ్ అన్నీ ఉంటాయి. ఈ-స్టాంపులు అమ్మే ఒకే సొసైటీలో, ఒకే రోజు, కొన్ని నిమిషాల తేడాతో తీసినవి. కవరింగ్ లెటర్లో స్ట్రీట్ లైటింగ్ అని ఉండాల్సిన చోట ముగ్గురూ స్ట్రీట్ లైట్నింగ్ అని కొట్టారు, అదే లైన్‌లో, అదే బోల్డ్‌లో. ఒకడి ఫైల్ ప్రాపర్టీస్‌లో తయారుచేసినవాళ్ళ పేరు దగ్గర రెండో కంపెనీ అకౌంటెంట్ పేరు ఉంది. ఇవన్నీ పెట్టి లెటర్ ఇస్తే ఆఫీసులో ఆయన చాలా కూల్‌గా "ముగ్గురూ ఒకేచోట స్టాంప్ కొనకూడదని రూల్ ఉందా?" అన్నాడు. రూల్ లేదు నిజమే. కానీ రింగ్‌ని పట్టుకున్న చాలా కేసులు ఇలాంటి చిల్లర కాగితాల మీదే నిలబడ్డాయి, ఆ సంగతి ఆయనకి తెలీదా, తెలిసే అన్నాడా అన్నది నాకు అర్థం కాలేదు.

ఉదాహరణకి ఎఫ్‌సీఐ, అదే ఫుడ్ కార్పొరేషన్, కేసు. గోడౌన్లలో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల టెండర్, 2009 మే. మూడు కంపెనీలు కేజీ 388 రూపాయలు వేశాయి, ముగ్గురూ అదే 388, ఒక్క పైసా తేడా లేదు. ఖర్చులు వేరు, ఫ్యాక్టరీలు వేరు, రేటు మాత్రం ఒకటే. బిడ్లు ఇవ్వడానికి వచ్చిన రోజు ఎఫ్‌సీఐ గేట్ దగ్గర విజిటర్స్ రిజిస్టర్‌లో ముగ్గురి తరఫునా ఎంట్రీ ఒకే మనిషి రాశాడు. ఎంత తెలివైనోళ్ళయినా గేట్ రిజిస్టర్ దగ్గర దొరికిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎఫ్‌సీఐ వాళ్ళే 2011లో కాంపిటీషన్ కమిషన్‌కి, అదే సీసీఐకి, లెటర్ రాశారు. 2012లో సీసీఐ మూడేళ్ళ సగటు టర్నోవర్‌లో 9 శాతం జరిమానా వేసింది, అందులో పెద్ద కంపెనీకి 252 కోట్లకి పైనే. అప్పీల్‌కి పోతే మొత్తం టర్నోవర్ కాదు, ఆ మాత్రల అమ్మకాలే లెక్కపెట్టాలి అన్నారు, అదే పెద్ద కంపెనీ జరిమానా 7 కోట్ల లోపుకి దిగింది. 2017లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. టెండర్ 2009, ఫైనల్ మాట 2017. ఎనిమిదేళ్ళు. మా ఫీల్డ్‌లో ఎనిమిదేళ్ళంటే ఒక కంపెనీ పుట్టి, ఎదిగి, పేరు మార్చుకుని, పార్ట్‌నర్లు విడిపోయి ఇంకో కంపెనీ పెట్టేంత టైమ్.

చట్టం మాత్రం గట్టిదే. కాంపిటీషన్ యాక్ట్ 2002లో సెక్షన్ 3(3) కింద బిడ్ రిగ్గింగ్ (చట్టంలో రింగ్‌కి పేరు) జరిగిందని తేలితే పోటీకి నష్టం జరిగినట్టే అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది కాంట్రాక్టరే. జరిమానా కార్టెల్, అంటే ఆ కూటమి, నడిచిన ఒక్కో ఏడాదికి లాభానికి మూడు రెట్లు, లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే దానిదాకా పోవచ్చు. 2023లో సవరణ తెచ్చి టర్నోవర్ అంటే ప్రపంచం మొత్తం మీద, అన్ని సరుకుల మీదా అన్నారు, ఎఫ్‌సీఐ కేసులో వచ్చిన ఆ తగ్గింపు దారికి అలా అడ్డం వేశారు. అయినా 2024 గైడ్‌లైన్స్‌లో లెక్క మొదలుపెట్టేది మళ్ళీ సంబంధమున్న టర్నోవర్ మీదే, దాంట్లో 30 శాతం దాకా, మొత్తం టర్నోవర్ పై హద్దుకి పనికొస్తుంది. జైలు మాత్రం లేదు. అమెరికాలో ఇదే పనికి మనిషికి పదేళ్ళ దాకా జైలు, 2019లో అక్కడ న్యాయశాఖ ప్రభుత్వ టెండర్ల రింగుల కోసమే ప్రత్యేకంగా ఒక స్ట్రైక్ ఫోర్స్ పెట్టింది. మన దగ్గర కార్టెల్‌కి కాంపిటీషన్ యాక్ట్ కింద జైలు లేదు, చీటింగ్, కుట్ర కేసులు పెడితే పెట్టొచ్చు, అది పోలీసులు, సీబీఐ పని.

అలాగని ఒకే రేటు కనపడగానే రింగ్ అనెయ్యడానికీ లేదు. గ్యాస్ సిలిండర్ల కేసు ఉంది. 2010లో ఇండియన్ ఆయిల్ టెండర్‌కి నలభై పైచిలుకు కంపెనీలు చాలా రాష్ట్రాల్లో ఒకే రేట్లు వేశాయి, బిడ్‌కి ముందు ముంబైలో హోటల్‌లో మీటింగ్ కూడా అయింది. సీసీఐ జరిమానాలు వేసింది. 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎందుకంటే ఆ సిలిండర్లు కొనేది దేశంలో మూడే మూడు ఆయిల్ కంపెనీలు, రేటు ఎంత దాకా ఇస్తారో అందరికీ తెలుసు, వాళ్ళు తప్ప ఇంకెవరికీ అమ్ముకోలేరు, అలాంటి మార్కెట్‌లో రేట్లు ఒకటిగా ఉండడం కుట్ర లేకుండా కూడా జరగొచ్చు అంది. ఈ తీర్పు నాకు మొదట్లో నచ్చలేదు, హోటల్ మీటింగ్ ఎందుకు పెట్టుకున్నారు మరి అని. ఇప్పుడనిపిస్తోంది, కొనేవాడు ఒక్కడే అయినచోట, రేటు ముందే చెప్పేసిన చోట, తప్పు సగం కొనేవాడిది అని. మన దగ్గర కూడా అంతే. ఆంధ్రాలో 5 శాతం ఎక్సెస్ దాటితే టెండర్ రిజెక్ట్ చెయ్యాలనే రూల్ ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉంది, ఉద్దేశం మంచిదే, కానీ రింగ్ అయినోళ్ళకి అది గీత కాదు, టార్గెట్. 4.9, 4.95, 4.99 అని వరుసగా పడుతుంటాయి. ఓపెనింగ్ షీట్‌లో ఈ నంబర్లు చూసి కూడా సంతకం పెట్టేసే ఈఈలకి నిజంగా ఓపిక ఎక్కువ.

సర్కారు చేతిలో ఉన్న మందుల్లో రింగ్‌ని నిజంగా భయపెట్టేది నా లెక్కలో జరిమానా కాదు, లీనియెన్సీ. కాంపిటీషన్ యాక్ట్ సెక్షన్ 46. రింగ్‌లో ఉన్నోడే ముందు వచ్చి మొత్తం చెప్పేస్తే వాడి జరిమానా వంద శాతం దాకా తగ్గిస్తారు, రెండోవాడికి 50 దాకా, ఆ తర్వాత వచ్చినోళ్ళకి 30 దాకా. దీంతో ఏమవుతుందంటే ఐదుగురు కలిసి కూర్చున్నా మిగతా నలుగురిలో ఎవడు ముందు ఢిల్లీకి మెయిల్ కొడతాడో అని ఒక్కొక్కడికీ లోపల పీకుతూ ఉంటుంది. మన దేశంలో దీని కింద మొదటి ఆర్డర్ 2017 జనవరిలో వచ్చింది, రైల్వేకి సప్లై చేసే ఫ్యాన్ల టెండర్ కేసు. ఆ కేస్ మొదలైందే వేరే దర్యాప్తులో సీబీఐకి దొరికిన సమాచారంతో. ఒక కంపెనీ వచ్చి ఒప్పుకుంటే 75 శాతం తగ్గించారు, వంద ఎందుకు ఇవ్వలేదంటే అప్పటికే సీసీఐ దగ్గర కొంత సాక్ష్యం ఉంది, ఆ కంపెనీ వచ్చింది లేటుగా. తర్వాతేడాది పుణె మున్సిపల్ చెత్త ప్రాసెసింగ్ టెండర్ల కేసు, అక్కడ పోటీదారుల బిడ్లు ఒకే ఐపీ అడ్రస్ నుంచి అప్‌లోడ్ అయ్యాయి. వేరే వ్యాపారాలు చేసుకునే కంపెనీలు కూడా పేరుకి బిడ్ వేశాయి. అందులోనూ చాలామంది లీనియెన్సీకి పరిగెత్తారు. 2024 నుంచి ఇంకో మెలిక పెట్టారు, ఒక రింగ్ గురించి చెప్పడానికి వచ్చినోడు తనకి తెలిసిన ఇంకో రింగ్ గురించి కూడా చెప్తే మొదటిదాంట్లో ఇంకొంచెం తగ్గింపు.

కానీ ఇది మా లెవెల్ దాకా దిగలేదు. బాగేపల్లిలోనో హిందూపురంలోనో లైట్ల పని చేసే క్లాస్ కాంట్రాక్టర్‌కి లీనియెన్సీ అనే మాటే తెలీదు. తెలిసినా రాడు. ఎందుకంటే సీసీఐ మాఫీ చేసేది తన జరిమానానే. ఒప్పుకున్న కాగితం చూపించి డిపార్ట్‌మెంట్ వాడు బ్లాక్‌లిస్ట్ చేస్తే ఆపేవాడు లేడు, పైగా బిల్లులు ఆ ఆఫీసులోనే పెండింగ్ ఉంటాయి. ఇక్కడ రెండు చేతులూ ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి, ఒకటి రా రా అంటుంటే ఇంకోటి కర్ర పట్టుకుని నిలబడింది. ముందు వచ్చి చెప్పినోడికి డిబార్‌మెంట్‌లో, అంటే టెండర్లు వెయ్యకుండా పెట్టే నిషేధంలో, కూడా కన్సెషన్ ఉంటుందని రాష్ట్రాలు జీవో ఇస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఈ పని ఎందుకు చెయ్యరో నాకైతే అర్థం కాదు. అంటే, అర్థమవుతుంది లెండి.

కాంట్రాక్టర్ నిజంగా నిద్రపోకుండా ఆలోచించేది బ్లాక్‌లిస్ట్ గురించే. జరిమానా కోర్టులో పదేళ్ళు లాగొచ్చు, బ్లాక్‌లిస్ట్ అయితే రేపటి టెండర్‌కి లేడు, బ్యాంకోడు గ్యారంటీ లిమిట్ గురించి అడుగుతాడు, వేరే రాష్ట్రంలో వేసే బిడ్‌లో కూడా ఎక్కడైనా డిబార్ అయ్యారా అనే కాలమ్ ఉంటుంది. కేంద్రం జీఎఫ్ఆర్ (జనరల్ ఫైనాన్షియల్ రూల్స్) 2017లో కోడ్ ఆఫ్ ఇంటెగ్రిటీ అని ఒకటి ఉంది, దాంట్లో కొల్యూజన్ (కుమ్మక్కు), బిడ్ రిగ్గింగ్ పేర్లు పెట్టి మరీ రాశారు. అది తప్పితే రెండేళ్ళ దాకా డిబార్ చెయ్యొచ్చు, అవినీతి చట్టం కింద శిక్ష పడితే మూడేళ్ళ దాకా. ఈఎండీ లాక్కోవచ్చు. ఇంత పవర్ చేతిలో ఉండి కూడా ఆఫీసర్లు రెండు రకాల తప్పులు చేస్తారు. ఒకటి, అసలు వాడరు. రెండు, కోపమొచ్చి ఒక రోజులో బ్లాక్‌లిస్ట్ చేసేస్తారు, కాంట్రాక్టర్ హైకోర్టుకి పోయి వారంలో స్టే తెచ్చుకుంటాడు. బ్లాక్‌లిస్ట్ చేస్తున్నాం, ఎందుకు చెయ్యకూడదో చెప్పు అని షోకాజ్ నోటీసులో స్పష్టంగా ఉండాలని సుప్రీంకోర్టు 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. అంతకుముందేడాది బీఎస్ఎన్ఎల్ కేసు ఒకదాంట్లో జీవితాంతం డిబార్ చెయ్యడం కుదరదు, తప్పుకి తగ్గట్టు కాలం పెట్టాలి అంది. ఈ రెండు తీర్పులూ ఒక పేజీలో రాసి ప్రతి ఈఈ టేబుల్ మీద అంటిస్తే సగం స్టేలు రావు. నోటీస్ డ్రాఫ్ట్ చేసేది మామూలుగా సెక్షన్‌లో కూర్చున్న ఎఫ్‌డీఏ (ఫస్ట్ డివిజన్ అసిస్టెంట్, గుమస్తా), పాత నోటీస్ తీసి పేరు మార్చి ప్రింట్ ఇస్తాడు, స్టే వచ్చిందంటే తప్పు అక్కడే జరిగింది.

ఎక్కువమంది వాడే మందు ఇంకోటుంది, టెండర్ క్యాన్సిల్ చేసి రీటెండర్. లైట్ల టెండర్‌లో మా లెటర్ తర్వాత అదే జరిగింది, ఎంక్వైరీ లేదు, నోటీస్ లేదు, పరిపాలనా కారణాలు అని ఒక లైన్ పెట్టి క్యాన్సిల్. చూడ్డానికి న్యాయం జరిగినట్టే ఉంటుంది. కానీ కండిషన్లు మార్చకుండా, అదే ఎస్టిమేట్‌తో, అదే ముగ్గురికి మళ్ళీ తలుపు తీస్తే ఏమొస్తుంది, మేం వేస్తున్నామని కూడా వాళ్ళకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. రెండోసారి వంతు వేరేవాడికి ఇచ్చుకున్నారు అంతే. రీటెండర్ పెడితే ప్యాకేజీ సైజ్ మార్చాలి, అనుభవం కండిషన్ తగ్గించాలి, పక్క జిల్లాలోళ్ళు, పక్క రాష్ట్రంవాళ్ళు వచ్చేలా చెయ్యాలి. చిన్న చిన్న పనులన్నీ కలిపి పెద్ద ప్యాకేజీ చేస్తే రింగ్ పోతుందని కొందరంటారు, పోయేది చిన్న రింగ్, పెద్ద ప్యాకేజీకి అర్హులు రాష్ట్రంలో నలుగురే ఉంటే వాళ్ళు కలవడానికి ఒక్క కాఫీ చాలు. ఆంధ్రాలో 2019లో రివర్స్ టెండరింగ్ పెట్టారు, బిడ్లు తెరిచాక తక్కువకి పాడే వేలం, 2024లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు. దాని మీద పార్టీల గొడవ నాకొద్దు గానీ, పోటీదారులు నిజంగా వేరువేరుగా ఉంటేనే రివర్స్‌లో రేటు దిగుతుంది, ముందే కలిసిపోయినోళ్ళు స్క్రీన్ ముందు కూర్చుని నాటకానికి నాలుగు క్లిక్కులు కొట్టి లేస్తారు.

కర్ణాటకలో కేటీపీపీ, అంటే ప్రభుత్వ కొనుగోళ్ళలో పారదర్శకత చట్టం, 1999 నుంచి ఉంది, టెండర్ లేకుండా కొనకూడదు అని. దాంట్లోనే 4(జి) అని ఒక సెక్షన్ ఉంది, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఏ పనినైనా టెండర్ నుంచి తప్పించొచ్చు. ఇక్కడ కాంట్రాక్టర్లు ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఈ రెండక్షరాలు వినపడతాయి. రింగ్ అయిందని క్యాన్సిల్ చేసి, అర్జెంట్ అని 4(జి) కింద ఒకరికి ఇచ్చేస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఇంక 40 శాతం కమీషన్ అని 2021లో ఇక్కడి కాంట్రాక్టర్ల సంఘం ప్రధానికి లెటర్ రాసిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. అది ఆఫీసర్లకీ లీడర్లకీ ఇచ్చే డబ్బు మీద ఆరోపణ, రింగ్ వేరే. కానీ రెండూ కలిసే బతుకుతాయి, ఎవరు బిడ్ వేశారో లోపల్నించి చెప్పేవాడు లేకపోతే రింగ్ మూడు టెండర్లకి మించి నిలవదు, లంచం ఇవ్వాలంటే ఆ డబ్బు ఎక్సెస్ రేటులోంచే రావాలి. లోపలి మనిషి ఉంటే సీసీఐ చాలదు, అవినీతి నిరోధక చట్టం, ఇక్కడైతే లోకాయుక్త. 2022లో హైకోర్టు ఏసీబీని రద్దు చేసి ఆ పవర్లు మళ్ళీ లోకాయుక్తకే ఇచ్చింది. జపాన్ వాళ్ళు 2003 నుంచి రింగ్‌కి సాయం చేసిన ఆఫీసర్ల కోసమే వేరే చట్టం పెట్టుకున్నారు, డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది పక్కనపెట్టి రేటో పేర్లో లీక్ చేశాడా అన్నదే చూస్తారు. మన దగ్గర లీక్ చేసినోడికి మామూలుగా పడే శిక్ష ట్రాన్స్‌ఫర్.

కొరియాలో 2006 నుంచి ఒక సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, ప్రభుత్వ టెండర్ల డేటా మొత్తం అక్కడి కాంపిటీషన్ కమిషన్‌కి ఆటోమేటిక్‌గా వెళ్తుంది, బిడ్‌లు ఎన్ని, గెలిచిన రేటు ఎస్టిమేట్‌కి ఎంత దగ్గర, ఇవి చూసి అనుమానమున్నవాటికి మార్కులేస్తుంది. మన పోర్టల్స్‌లో ఇంతకంటే ఎక్కువ డేటా ఉంది. ఐపీ అడ్రస్ ఉంది, అప్‌లోడ్ టైమ్ ఉంది, ఈఎండీ ఏ అకౌంట్ నుంచి వచ్చిందో ఉంది. ఒక డివిజన్‌లో ఐదేళ్ళ టెండర్లు ఎక్సెల్‌లో దించి ఎవరితో ఎవరు ఎప్పుడూ కలిసి వేస్తున్నారు, అందులో ఎప్పుడూ గెలవనోడు ఎవరు అని ఒక పివోట్ టేబుల్ వేస్తే చాలు, రింగ్ మొత్తం ఫ్యామిలీ ఫొటో లాగా బయటికొస్తుంది. నేను మా జిల్లాకి వేసి చూశా. ఒక కంపెనీ ఐదేళ్ళుగా ఓడిపోతూనే ఉంది, అయినా ప్రతిసారీ వేస్తుంది, ప్రతిసారీ రెండోదో మూడోదో. ఇంత ఓపిగ్గా నష్టపోతున్నోడికి కొత్త కారెలా వచ్చిందని ఊళ్ళో ఎవడూ అడగలేదు. సీసీఐ కూడా కొనే ఆఫీసర్ల కోసం ఇలాంటి గుర్తులు చూసుకోమని ఒక డయాగ్నొస్టిక్ టూల్ తయారుచేసి పెట్టింది, నేను అడిగిన ఒక్క ఇంజనీర్ కూడా దాని పేరు వినలేదు.

సీసీఐ కూడా అన్నిసార్లూ కొరడా తియ్యదు. 2020లో రైల్వే బ్రేక్ బ్లాకుల కేసులో రింగ్ అయ్యారని తేల్చి కూడా, చిన్న కంపెనీలు, కరోనా టైమ్, తప్పు ఒప్పుకున్నారు అని జరిమానా వెయ్యకుండా ఇంకోసారి చెయ్యొద్దని చెప్పి వదిలేసింది. చిన్నోళ్ళ మీద జాలి నాకూ ఉంది, మేమూ చిన్నోళ్ళమే. కానీ ఆ రింగ్‌లో చేరకుండా టెండర్లు పోగొట్టుకున్న చిన్న కంపెనీ ఏదైనా ఉంటే దానికి ఆ ఆర్డర్‌లో ఏం దక్కింది? నష్టపరిహారం అడిగే సెక్షన్ ఉంది, 53ఎన్, ముందు సీసీఐలో గెలిచి తర్వాత ఎన్‌సీఎల్‌ఏటీకి (అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్) పోవాలి. డబ్బు పోగొట్టుకున్న మున్సిపాలిటీ కూడా దాని కింద అడగొచ్చు. రింగ్ వల్ల పోయిన పది శాతం వెనక్కి రాబట్టుకోవడం కమిషనర్ల డ్యూటీ అని ఎక్కడైనా ఒక సర్క్యులర్ ఉంటే నాకు పంపండి.

ఎవరికైనా ఇలాంటి టెండర్ తగిలితే, కంప్లైంట్ ఇవ్వడానికి పోటీదారే అవ్వాల్సిన పని లేదు, ఎవరైనా సీసీఐకి ఇన్ఫర్మేషన్ ఇవ్వొచ్చు, వ్యక్తికి ఫీజు 5 వేలు, కంపెనీలకి ఇంకా ఎక్కువ. డిపార్ట్‌మెంటే రెఫరెన్స్ పంపితే ఫీజు కూడా లేదు. 2023 సవరణ తర్వాత విషయం జరిగిన మూడేళ్ళలోపు ఇవ్వాలి, గట్టి కారణం ఉంటేనే లేటును మన్నిస్తారు. పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. మన దక్షిణాది రాష్ట్రాలకి 2021 నుంచి చెన్నైలో సీసీఐ రీజనల్ ఆఫీస్ ఉంది, ప్రతిదానికీ ఢిల్లీ పోవక్కర్లేదు. బిడ్ ఓపెనింగ్ షీట్, ముగ్గురి అఫిడవిట్లు, ఫైల్ ప్రాపర్టీస్ స్క్రీన్‌షాట్లు తేదీ కనపడేలా దాచుకోండి, టెండర్ క్యాన్సిల్ అయ్యాక కొన్ని పోర్టల్స్‌లో డాక్యుమెంట్లు కనపడవు. మాది నేను దించి పెట్టా. మా సార్ ఫైల్ రెడీ చెయ్యమన్నాడు, పంపేది కంపెనీ పేరు మీదా నా పేరు మీదా అన్నది మాత్రం ఇంకా తేల్చలేదు, ఆ ఆఫీసులో మా పాత బిల్లు ఒకటి ఇంకా రావాల్సి ఉంది.